ఒకే కత్తెరతో అన్నీ కత్తిరించకండి

ప్రశ్న: నమస్తే అండీ. నేను ఆరేళ్ళుగా యూనిఫాంలు కుట్టించి స్కూళ్ళకీ ఆఫీసులకీ సరఫరా చేస్తున్నాను. నాతో కలిపి తొమ్మిది మందిమి. ఆర్డర్లు వాట్సాప్‌లో వస్తాయి. డబ్బు లెక్కలు, బట్ట స్టాకు, జీతాలు అన్నీ ఒకే ఎక్సెల్ ఫైల్‌లో రాస్తాను. పోస్టర్లు, కొటేషన్లు రాత్రి పన్నెండు దాకా కూర్చుని నేనే చేసుకుంటాను. నాకు ఖాళీ లేనప్పుడు ఫోన్లు మా కటింగ్ మాస్టర్ ఎత్తుతాడు. పోయిన నెల ఒక ఆఫీసు వాళ్ళు కొలతలు మార్చి మెసేజ్ పెట్టారు, అది వేరే గ్రూపులో ఉండిపోయింది, మేం పాత కొలతలతోనే నలభై షర్టులు కుట్టేశాం. నిరుడు అన్నీ ఒకేచోట చూసుకోవచ్చంటే ఒక పెద్ద సాఫ్ట్‌వేర్‌కి ఏడాది డబ్బు ముందే కట్టాను, రెండు నెలలు వాడి వదిలేశాం. ఇప్పుడేమో ఏఐ ఉంటే మనుషులే అక్కర్లేదంటున్నారు. నేను ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి? అన్నీ నేనే నేర్చుకోవాలా, మనిషిని పెట్టుకోవాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: నమస్తే అండీ. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా ఒక్క మాట చెప్పేస్తాను, మిగతాదంతా దాని వెనకే వస్తుంది: ఈ నెల ఏమీ కొనకండి.

మీ వర్క్‌షాపులో బట్ట కత్తిరించే పెద్ద కత్తెర ఉంటుంది కదా. దానితో ఎవరైనా కాగితం కోయబోతే మీ మాస్టర్ ఊరుకుంటాడా? కాగితం కోస్తే పదును పోతుందని, రేపు బట్ట మీద అంచు పీచుపీచుగా వస్తుందని, ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కాజాలు కుట్టే మిషన్ మీద ఎవరూ అంచులు కుట్టరు, ఓవర్‌లాక్ మిషన్ మీద ఎవరూ కాలరు కుట్టరు. అక్కడ ఏ పనికి ఏ మిషన్, ఏ మిషన్ మీద ఎవరు కూర్చోవాలి అన్నది మీకు కళ్ళు మూసుకున్నా తెలుసు. కానీ అక్కడినుంచి లేచి ఆఫీసు టేబుల్ దగ్గరికి వచ్చేసరికి మాట్లాడుకోవడానికి, ఆర్డర్ రాసుకోవడానికి, కొలతలు దాచుకోవడానికి ఒక్క వాట్సాపే. అంచనాలు వేయడానికి, ఖాతా రాయడానికి, స్టాకు లెక్కకి ఒక్క ఎక్సెలే. మిగిలినవాటన్నిటికీ మీరే. ఉత్తరంలో మీరు విడివిడిగా చెప్పిన కష్టాలన్నీ నాకు ఒక్కచోటే కలుస్తున్నట్టు కనిపిస్తున్నాయి, అందుకే ఇంకో సాఫ్ట్‌వేర్ పేరు చెప్పి చేతులు దులుపుకోవాలని లేదు.

నలభై షర్టుల సంగతితో మొదలుపెడదాం, ఎందుకంటే మీకు ఎక్కువ బాధ కలిగించింది అదేనని రాసిన తీరులోనే తెలుస్తోంది.

అక్కడ తప్పు మీ మాస్టర్‌ది కాదు, మెసేజ్ చూడని వాళ్ళది కూడా కాదు. చాట్ అనేది మాట్లాడుకోవడానికి తయారైన వస్తువు. అందులో కొత్త మాట వస్తే పాత మాట పైకి జరిగిపోతుంది, దాని పనే అది. ఆర్డర్ అలా జరిగిపోకూడదు, కదలకుండా ఒకచోట ఉండాలి, మారితే ఎప్పుడు మారిందో కనపడాలి, పాత కొలత మీద గీత పడి పక్కన కొత్తది ఉండాలి. చాట్‌లో ఇవేవీ జరగవు. మీరు ఎంత జాగ్రత్తగా ఉన్నా, రోజుకి వంద మెసేజులు వచ్చేచోట ఒకటి తప్పిపోతుంది, ఈసారి అది కొలతల మెసేజ్ అయింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేశాను. అక్కడ ప్రతి పనికీ ఒక పెద్ద కవరు ఉండేది, జాబ్ కార్డ్ అనేవాళ్ళం. కవరు మీద ఎన్ని కాపీలు, ఏ కాగితం, ఏ రంగు, ఎప్పటికి ఇవ్వాలి అన్నీ రాసి ఉండేవి, లోపల కస్టమర్ సంతకం పెట్టిన ప్రూఫు, అంటే అచ్చుకి ముందు తీసే నమూనా కాగితం ఉండేది. పని ఏ టేబుల్ దగ్గరికి పోతే ఆ కవరూ అక్కడికే పోయేది. ఒకసారి ఒక పెళ్ళి పత్రికలో ముహూర్తం సమయం మార్చమని కస్టమర్ ఫోన్‌లో చెప్పాడు, ఫోన్ ఎత్తింది నేనే, సరే అన్నాను, కవరు మీద రాయలేదు. ఐదు వందల పత్రికలు పాత సమయంతోనే అచ్చయ్యాయి. మా యజమాని నన్ను ఏమీ అనలేదు, ఆ కవరు తెచ్చి నా ముందు పెట్టి, ఇందులో లేనిది ఈ ప్రెస్సులో లేనట్టే అన్నాడు. ఇన్నేళ్ళయినా ఆ మాట మర్చిపోలేదు.

మీకు కావలసింది కూడా అదే. పెద్ద బట్టల ఫ్యాక్టరీల్లో కత్తిరించిన ముక్కల కట్టకి ఒక చీటీ కడతారు, బండిల్ టికెట్ అంటారు, దానిమీద ఆర్డర్ నంబరు, సైజు, ఎన్ని ముక్కలు, ఏ తాను బట్ట అన్నీ ఉంటాయి. మీరు దానికన్నా ముందు నుంచి మొదలుపెట్టండి. ఆర్డర్ ఖాయం కాగానే ఒక అట్ట కార్డు, పైన నంబరు. కొలతలు వాట్సాప్‌లో వచ్చినా సరే, కార్డు మీదకి ఎక్కించి, ఆ కార్డునే ఫొటో తీసి కస్టమర్‌కి పంపి, ఇవే కదా అని అడిగి, అవును అన్నాకే కత్తెర పట్టుకోవాలి. తర్వాత మార్పు వస్తే కార్డు మీద కొట్టేసి పక్కన రాసి తేదీ వేసి, మళ్ళీ ఫొటో. వాట్సాప్ మానేయమని నేను అనడం లేదు, కస్టమర్లు అక్కడే ఉన్నారు కాబట్టి మాటలు అక్కడే నడుస్తాయి. ఆర్డర్ మాత్రం అక్కడ ఉండకూడదు, అంతే. ఈ పద్ధతికి సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు, అట్ట ముక్కలు, పెన్ను చాలు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఇక ఎక్సెల్. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇది నిజంగా చాలా మంచి పనిముట్టు, మంచిది కాబట్టే ప్రతిదానికీ వాడేస్తాం.

ఈ రకం లెక్కల పట్టిక మొదట ఎందుకు పుట్టిందో చూస్తే దేనికి వాడాలో తెలుస్తుంది. హార్వర్డ్‌లో బిజినెస్ చదువుతున్న డాన్ బ్రిక్లిన్ అనే ఆయనకి, క్లాసులో బోర్డు మీద ఒక అంకె మారిస్తే దాని మీద ఆధారపడ్డ అంకెలన్నీ చెరిపి మళ్ళీ రాయాల్సి రావడం చూసి ఈ ఆలోచన వచ్చింది. బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి తయారుచేసిన విజికాల్క్ 1979లో బయటికొచ్చింది, ఎక్సెల్ 1985లో. అంటే ఇది పుట్టిందే 'ఇది ఇంతైతే అది ఎంత' అని చూసుకోవడానికి. బట్ట ధర కొంచెం పెరిగితే ఒక్కో షర్టు ఎంతకి పడుతుంది, రెండొందల షర్టుల ఆర్డర్‌కి ఎంత తగ్గించి చెప్పినా నష్టం రాదు, ఇలాంటి కొటేషన్ లెక్కలకి దాన్ని మించింది లేదు. వాటికి నిశ్చింతగా వాడండి.

కానీ దాన్ని రికార్డు పుస్తకంగా వాడితే చెప్పకుండా దెబ్బ తీస్తుంది. చెప్పకుండా అన్న మాట గట్టిగా అంటున్నాను. 2020 సెప్టెంబర్ చివర, అక్టోబర్ మొదట్లో ఇంగ్లండ్‌లో దాదాపు 16 వేల కోవిడ్ పాజిటివ్ కేసులు కొన్ని రోజులపాటు లెక్కలోకి రాకుండా పోయాయి. కారణం, ల్యాబుల నుంచి వచ్చిన వివరాలు ఎక్సెల్ పాత ఫార్మాట్ ఫైల్‌లో పడ్డాయి, దాని ఒక్కో షీటులో 65,536 వరసలే పడతాయి, మిగిలినవి బయటే ఉండిపోయాయి. ఇప్పటి ఫార్మాట్‌లో 10,48,576 వరసలు పడతాయి కాబట్టి మీకు ఆ ఇబ్బంది రాదు, కానీ ఇంకోటి వస్తుంది. మీరు టైపు చేసింది తేదీలా ఉందని దానికి అనిపిస్తే అది అడక్కుండా తేదీగా మార్చేస్తుంది. మనుషుల జన్యువుల్లో కొన్నిటికి మార్చ్1, సెప్ట్1 లాంటి పేర్లు ఉండేవి, ఎక్సెల్ వాటిని తేదీలుగా మార్చేసి పరిశోధనల పట్టికలు పాడుచేస్తుంటే, చివరికి 2020లో జన్యువులకి పేర్లు పెట్టే సంఘమే ఆ పేర్లు మార్చుకుంది. మీ ఫైల్ ఒకసారి తెరిచి చూడండి, 10-12 అని సైజు కొట్టినచోట ఇప్పుడు ఏముందో, సున్నాతో మొదలయ్యే ఐటెం కోడ్‌ల ముందు సున్నాలు ఉన్నాయో లేదో. ఆ గళ్ళని టెక్స్ట్ అని ముందే పెట్టి ఉంచకపోతే చాలా ఫైళ్ళలో ఉండవు.

డబ్బు ఖాతా సంగతి ఇంకా వేరు. వ్యాపారులు ప్రతి లావాదేవీని రెండు చోట్ల, ఎక్కడి నుంచి పోయింది, ఎక్కడికి వచ్చింది అని రాసుకునే పద్ధతి చాలా పాతది. 1494లో వెనిస్‌లో లూకా పాచోలీ దాన్ని అచ్చులో వివరించేనాటికే అక్కడి వ్యాపారులకి అది వాడుకలో ఉంది. రెండు వైపులా సమానంగా రాకపోతే ఎక్కడో తప్పుందని పుస్తకమే చెప్పేస్తుంది, దాని గొప్పదనం అదే. ఎక్సెల్‌లో మీరు ఒకవైపే రాసి వదిలేసినా, కింద మొత్తంలో రెండు వరసలు కలవకపోయినా, అది ఏమీ అనదు. అందుకే మీరు అసలు ఏదైనా కొనాల్సి వస్తే, అది ఖాతాల కోసమే తయారుచేసిన ఒక మామూలు అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, అది కూడా మీ లెక్కలు చూసే అకౌంటెంట్‌కి బాగా అలవాటైనదే కొనండి. ఆయనకి తెలియనిది కొంటే ఏడాది చివర మళ్ళీ అన్నీ ఎక్సెల్‌లోకి దింపి ఇమ్మంటాడు, అప్పుడు పని రెండింతలవుతుంది. ఈ నెల కాదు, కార్డుల పద్ధతి కుదిరాక.

నిరుడు కొని వదిలేసిన సాఫ్ట్‌వేర్ గురించి మీరు కొంచెం సిగ్గుపడుతూ రాసినట్టు అనిపించింది. సిగ్గుపడక్కర్లేదండీ. నేను చూసినంతవరకు ఇలాంటివి మూలపడటానికి కారణం మనుషుల బద్ధకం కాదు. పని చేసే మనిషి ఒకరు, కంప్యూటర్‌లో ఎక్కించే మనిషి ఇంకొకరు అవుతారు. పగలు కుట్టింది రాత్రి మీరు గుర్తు తెచ్చుకుని ఎక్కిస్తారు, ఒకరోజు కుదరదు, రెండో రోజు స్టాకు తప్పు చూపిస్తుంది, తప్పు చూపించేదాన్ని మూడో రోజు ఎవరూ నమ్మరు. పైగా మొదటి రోజు రాక్‌ల్లో ఉన్న తాన్లన్నీ నిజంగా కొలిచి ఎక్కించారా? అంచనాగా వేసి ఉంటే మాత్రం అది మొదటి రోజు నుంచే తప్పు చెబుతూ ఉంది.

పెద్ద పెద్ద కంపెనీలకే ఇది జరిగింది. లిడ్ల్ అనే జర్మన్ సూపర్ మార్కెట్ సంస్థ ఏడేళ్ళు కష్టపడి, దాదాపు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాయని వార్తలొచ్చాక, 2018లో తన కొత్త సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుని ఆపేసింది. అప్పుడు వచ్చిన కథనాల ప్రకారం ఒక ముఖ్యమైన చిక్కు ఏమిటంటే, వాళ్ళు స్టాకు విలువని కొన్న ధరతో లెక్కకట్టే అలవాటున్నవాళ్ళు, ఆ సాఫ్ట్‌వేర్ అమ్మే ధరతో లెక్కకట్టేది, వాళ్ళు అలవాటు మార్చుకోకుండా సాఫ్ట్‌వేర్‌నే మార్పిస్తూ పోయారు. హెర్షీ అనే చాక్లెట్ కంపెనీ 1999లో కొత్త సిస్టం మొదలుపెట్టింది సరిగ్గా వాళ్ళకి అమ్మకాలు ఎక్కువగా ఉండే హాలోవీన్ ముందు. గోడౌన్‌లో సరుకుండి కూడా దుకాణాలకి వేళకి పంపలేకపోయింది. మీకు బడులు తెరిచే ముందు నెలలు ఎలా ఉంటాయో నాకన్నా మీకే తెలుసు. ఏ కొత్త పద్ధతీ, ఆ కార్డులతో సహా, ఆ నెలల్లో మొదలుపెట్టకండి. పని పలచగా ఉన్నప్పుడు, ఒక్క కస్టమర్ ఆర్డర్‌తో మొదలుపెట్టండి.

ఇప్పుడు మనుషుల సంగతి. ఉత్తరంలో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది, నలభై షర్టులది కాదు, ఫోన్లు కటింగ్ మాస్టర్ ఎత్తుతాడు అన్నది.

మీ దగ్గర జరిగే పనులన్నిటిలో వెనక్కి తీసుకోలేనిది ఏది? కుట్టు తప్పితే విప్పొచ్చు. బిల్లు తప్పితే ఇంకోటి రాయొచ్చు. పోస్టర్ బాగోకపోతే మార్చొచ్చు. కత్తిరించిన బట్టని మాత్రం అతికించలేం, అందులోనూ ముప్ఫై పొరలు పరిచి ఒకేసారి కోసేటప్పుడు ఒక్క గీత తప్పితే ముప్ఫై ముక్కలు పోతాయి. అంటే మీ వ్యాపారంలో అందరికన్నా ప్రశాంతంగా ఉండాల్సిన మనిషి ఆయన. ఆయన చేతిలో మీరు ఫోన్ పెట్టారు. ఫోన్ ఎత్తడం చిన్న పని అని మీరు అనుకుని ఉంటారు, కానీ మార్కింగ్ మధ్యలో ఒక ఫోన్ మాట్లాడి వచ్చాక, ఎక్కడ ఆపానో అని వెతుక్కునే ఆ అరనిమిషంలోనే తప్పులు దూరతాయి. పైగా ఆయనకి కస్టమర్లతో మాట్లాడటం ఇష్టమో కాదో, ధర గురించి అడిగితే ఏం చెప్పాలో, ఇవేవీ మనం ఆలోచించలేదు. నైపుణ్యం అనేది మనిషిలో మొత్తంగా ఉండేది కాదు, ఒక్కో పనికి ఒక్కోటి ఉంటుంది. బాగా కోస్తాడు కాబట్టి బాగా మాట్లాడతాడని ఏమీ లేదు, బాగా కుడుతుంది కాబట్టి బాగా నేర్పుతుందనీ లేదు. ఫోన్‌లో ఓపిగ్గా మాట్లాడగలిగేవాళ్ళు మీ తొమ్మిది మందిలో ఎవరో ఒకరు ఉంటారు, బహుశా ప్యాకింగ్ దగ్గర, ఎవరో గమనించండి. ఫోన్ వాళ్ళకి ఇవ్వండి, ధరలు మాత్రం మేడమే చెబుతారు అనమనండి.

మాస్టర్‌కి ఫోన్ బదులు ఒక కాగితం ఇవ్వండి. ఆయనకి పని రాదని కాదు, బాగా వచ్చు కాబట్టే. 1935 అక్టోబర్ 30న అమెరికాలోని ఒహైయోలో బోయింగ్ వాళ్ళ మోడల్ 299 అనే కొత్త యుద్ధ విమానం పరీక్షలో పైకి లేచిన కాసేపటికే కూలిపోయింది, ఇద్దరు చనిపోయారు. నడిపినవాళ్ళు ఎంతో అనుభవం ఉన్నవాళ్ళు. విమానం నేలమీద ఉన్నప్పుడు గాలికి రెక్కల మీదా తోక మీదా కదిలే భాగాలు ఊగకుండా వేసే లాకు తీయడం మర్చిపోయారు. ఆ తర్వాత పైలట్లు చేసింది, ఎగిరే ముందు చూసుకోవాల్సినవి ఒక చిన్న జాబితాగా రాసుకోవడం. ఆ విమానమే తర్వాత బి-17గా వేల సంఖ్యలో ఎగిరింది. నాకు ఇందులో నచ్చేది ఏమిటంటే, వాళ్ళు ఇంకా గొప్ప పైలట్ల కోసం వెతకలేదు. ఉన్న గొప్ప పైలట్ల చేతిలో ఒక కాగితం పెట్టారు. మీ మాస్టర్‌తో కూర్చుని, కత్తెర పెట్టే ముందు ఏమేం చూస్తారో ఆయన్నే చెప్పమని, ఆయన మాటల్లోనే రాయండి. పన్నా, అంటే బట్ట వెడల్పు, కొలిచామా, ముక్క ఉతికి ఎంత దగ్గరైందో చూశామా, నేత దారి అన్ని పొరల్లో ఒకేలా ఉందా, పొరలు లెక్కపెట్టామా, కార్డు మీద కొలత ఇదేనా. ఐదారు మించనివ్వకండి, పాతికుంటే ఎవరూ చదవరు.

అన్నీ మీరే నేర్చుకోవాలా అని అడిగారు. వద్దండీ. కానీ అన్నిటికీ మనిషిని పెట్టుకోమనీ చెప్పను. నేను ఇలా చూస్తాను: ఆ పని నెలకి ఎన్నిసార్లు వస్తుంది, తప్పితే ఎంత నష్టం. ఒప్పంద పత్రం ఏడాదికి ఒకసారి వస్తుంది, తప్పితే చాలా నష్టం, కాబట్టి దానికి లాయర్ దగ్గరికి వెళ్ళి డబ్బిచ్చి చేయించుకోండి, నేర్చుకోవాలని చూడకండి. పన్ను లెక్కలు కూడా అంతే. పోస్టర్లు తరచూ వస్తాయి, తప్పినా పెద్దగా నష్టం లేదు, అయినా వాటికోసం మీరు రాత్రి పన్నెండు దాకా కూర్చుంటున్నారు, దీనికి మాత్రం నాకు మనసు చివుక్కుమంది. ఒకసారి మంచి డిజైనర్‌కి డబ్బిచ్చి మీ రంగులు, మీ అక్షరాలతో మూడు నాలుగు నమూనాలు చేయించుకోండి, తర్వాత ఫొటో, నాలుగు మాటలు మార్చడం మీ దగ్గర ఎవరైనా పది నిమిషాల్లో చేస్తారు. కొటేషన్లు రోజూ వస్తాయి, తప్పితే నేరుగా లాభం పోతుంది, మీ వ్యాపారానికి ప్రాణం అదే, కాబట్టి అది మీరే నేర్చుకోవాలి, ఎక్సెల్ మీద మీరు పెట్టే సమయమంతా దానిమీద పెట్టండి. బట్ట పట్టుకుని చూసి ఇది ఎన్ని ఉతుకులు ఆగుతుందో చెప్పగలగడం, కస్టమర్‌ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒప్పించడం, ఇవి మీ తొమ్మిది మందిలో మీకే వచ్చు. ఆ రెండూ చేయాల్సిన మనిషి అర్ధరాత్రి పోస్టర్‌లో అక్షరాల సైజు సరిచేస్తూ కూర్చుంటే, ఆ పని ఉచితంగా అవుతున్నట్టు కనిపిస్తుంది కానీ మీ వ్యాపారంలో అన్నిటికన్నా ఖరీదైన పని అదే.

డబ్బు విషయంలో ఒకటి అడక్కపోయినా చెబుతాను. వసూలు చేసే మనిషి, లెక్క రాసే మనిషి, బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూసే మనిషి ఒక్కరే కాకూడదు. 1995లో బేరింగ్స్ అనే రెండు వందల ఏళ్ళు పైబడిన బ్యాంకు మూతపడే స్థితికి వచ్చింది. సింగపూర్‌లో నిక్ లీసన్ అనే ఒక్క మనిషి చేతిలోనే కొనుగోళ్ళు, అమ్మకాలూ, వాటి లెక్కలూ రెండూ ఉండటం వల్ల 82 కోట్ల 70 లక్షల పౌండ్ల నష్టం చివరిదాకా బయటపడలేదు, ఆ బ్యాంకుని ఆఖరికి ఒక్క పౌండుకి అమ్మేశారు. మీ దగ్గర ఉన్నవాళ్ళు నమ్మకస్తులే అయి ఉంటారు, నేను వాళ్ళని అనుమానించమనడం లేదు. రేపు లెక్క తేడా వస్తే ఒక్కరి మీదే అనుమానం పడకుండా ఉండాలంటే కూడా ఇదే దారి. వసూలు, రాత ఇద్దరికి ఇచ్చి, బ్యాంకుతో సరిచూసే పని వారానికి ఒకసారి మీరు చేసుకోండి, అరగంట పని. ఆ ఎక్సెల్ ఫైల్ కాపీ ఒకటి ఆన్‌లైన్‌లో, ఇంకోటి వేరే డ్రైవ్‌లో ఈ రోజే పెట్టండి. లెక్కలన్నీ ఒకే ఫైల్‌లో ఉన్నాయని చదివాక ఇది చెప్పకుండా ఉండలేకపోయాను.

ఏఐ గురించి. పనికొస్తుంది, నేనూ వాడతాను. కస్టమర్‌కి బకాయి గుర్తుచేస్తూ మర్యాదగా రాయాల్సిన ఉత్తరం, పోస్టర్ మీదకి నాలుగు వాక్యాలు, పెద్ద మెసేజ్‌ని చిన్నది చేయడం, ఇలాంటివి చాలా బాగా చేస్తుంది, ఎందుకంటే తప్పు ఉంటే మీరు చదవగానే తెలుస్తుంది. మీరు చదివి తప్పో ఒప్పో చెప్పలేని పనికి మాత్రం దాన్ని వాడకండి. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు ఏఐ రాసిచ్చిన పాత తీర్పుల పేర్లని సరిచూసుకోకుండా కోర్టులో పెట్టారు, ఆ తీర్పులు అసలు లేనే లేవు, వాళ్ళకీ వాళ్ళ సంస్థకీ కలిపి కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది. చదువుకున్న లాయర్లకే తెలియనంత నమ్మకంగా అది తప్పు చెప్పగలదు. కాబట్టి ఒప్పందాలు, పన్ను నియమాలు, చివరి మొత్తాలు దాన్ని అడిగి అలాగే వాడేయకండి. కస్టమర్ల ఉద్యోగుల పేర్లు, కొలతలు అందులో ఎక్కించకండి, అవి మీవి కావు, వాళ్ళు మిమ్మల్ని నమ్మి ఇచ్చినవి. ఇక మనుషులే అక్కర్లేదన్న మాట ఎవరన్నారో కానీ, వాళ్ళు తాను పరిచి కత్తెర పట్టుకున్న మనిషిని ఎప్పుడూ చూసి ఉండరు.

ముందు ఏం చేయాలో మీకు ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది, అయినా వరస చెబుతాను. రేపు ఫోన్ మాస్టర్ దగ్గర్నుంచి తీసుకోండి, దీనికి ఖర్చు లేదు, ఆలోచించాల్సింది లేదు. వచ్చే ఆర్డర్‌కి కార్డు రాయండి. ఒక నెల అలా నడిచాక, ఏ గడి ఎప్పుడూ ఖాళీగా ఉంటోంది, ఏది రాయడానికి చోటు చాలడం లేదు అని ఆ కార్డులన్నీ ముందేసుకుని చూడండి. మీకు ఎలాంటి సాఫ్ట్‌వేర్ కావాలో, అసలు కావాలో వద్దో ఆ కార్డులే చెబుతాయి. అప్పుడు కొనేటప్పుడు అమ్మే మనిషి చూపించే డెమో చూసి ఊరుకోకండి, మీ నలభై షర్టుల ఆర్డర్ కార్డు ఆయన ముందు పెట్టి, కొలతలు మధ్యలో మారాయి, ఇది మీ దాంట్లో ఎలా ఎక్కిస్తారో ఇప్పుడు చూపించండి అని అడగండి, మాస్టర్‌నీ పక్కన కూర్చోబెట్టుకోండి. ఆయనకి అర్థం కాకపోతే కొనకండి.

పాత కొలతలతో కుట్టిన ఆ షర్టులు ఇంకా మీ దగ్గరే ఉంటే, కొత్త కొలతలు పెద్దవో చిన్నవో రాయండి. పెద్దవైన షర్టుల్ని చిన్నవి చేయొచ్చు కదా, కొన్నయినా మిగుల్తాయేమో మాస్టర్‌ని అడిగి చూడండి.